పాలలోని సిద్ధబీజములు – వెండి రేణువుల మందు



తుంగతోను, ఊదతోను ఏటేట పోరాడు మీకు సిద్ధబీజ మనగా నేమో తెలుపుట కష్టము కాదు. చేనిలో ఊద పచ్చగా నిలిచియున్నంతకాలము దానిని పీకవచ్చును, మందు చల్లి మాడ్చవచ్చును. అదే ఊద గింజ రాల్చినదా, ఆ గింజ మన్నులో నిద్రించుచున్నంతకాలము ఆకుపై చల్లు మందు దాని నేమియు చేయజాలదు. మరల తడి తగిలి మొలకెత్తినప్పుడే అది మన చేతికి చిక్కును. కొన్ని జాతుల బాక్టీరియా సరిగా ఇట్లే ప్రవర్తించును. మేత సమృద్ధిగా నున్నప్పుడు అవి పెరిగి, చీలి, కొద్ది నిమిషములలోనే రెట్టింపగుచుండును. మేత తీరిపోయినదా, తమ సారమునంతను ఒక గట్టి గింజగా చుట్టుకొని పై శరీరమును విడిచివేయును. ఆ గింజయే సిద్ధబీజము.

ఈ గింజకు ఆకలి లేదు, పెరుగుదల లేదు. శ్వాస ఉన్నదన్నను లేదన్నను ఒకటే. దాని గర్భములో నీరు చాల తక్కువ. డైపికోలినిక్ ఆమ్లము, కాల్షియము కలిసిన యొక లవణము అందు దట్టముగా నిండియుండును. చుట్టును మందమైన పొర యొకటి, దానిపై మాంసకృత్తులతో అల్లిన పెంకు. ఈ కవచముల చాటున అది ఏండ్ల తరబడి మన్నులోను, గడ్డిలోను, ధూళిలోను పడియుండగలదు. మరుగు నీటిలో మామూలు బాక్టీరియా నిలువలేవు. ఇందు కొన్ని జాతుల సిద్ధబీజములు గంటల తరబడి ఉడికించినను బ్రతికియుండును. గాయములు తుడుచు స్పిరిటు కూడ వీనిని చంపదు.

ఈ గింజలను వెండి, రాగి, జింకు మొదలగు ధాతువుల అతి సూక్ష్మ రేణువులతో అణచవచ్చునని శాస్త్ర పత్రికలలో కొంతకాలముగా వ్యాసములు వచ్చుచున్నవి. ‘నానో’ అను మాట మన పల్లెలకు కొత్త కాదు. 2021లో ఇఫ్కో వారు నానో యూరియా సీసాను విడుదల చేసినప్పటినుండి అది ప్రతి ఎరువుల దుకాణములోను వినబడుచునే యున్నది. వెండి పేరు చెప్పి తెగుళ్ళకు మందులమ్మువారును కనబడుచున్నారు. నేడు పైరుకు వచ్చినది రేపు పాలక్యానుకు, పసుపు కల్లమునకు, అన్నపు గిన్నెకు రాకపోదు. కావున నా అభిప్రాయమును మొదటనే చెప్పుదును. ఈ పరిశోధన జరుగవలసినదే. కాని మన పాలలోనికి, పంటలోనికి ఈ రేణువులను ఇప్పటి స్థితిలో రానీయరాదు. ఎందుకో వివరించెదను.

గింజ సంగతి పూర్వులకు ఎట్లు తెలిసినది?

1876లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ కోన్ గడ్డి కషాయమును మరగించి చూడగా, చచ్చినదనుకొన్న బాక్టీరియా మరల తలయెత్తెను. మరిగినను చావని గింజలు అందుండుటయే దానికి కారణమని ఆయన కనుగొనెను. అదే సంవత్సరమున రాబర్టు కాక్ అను వైద్యుడు పశువులను చంపు దొమ్మరోగమునకు, అనగా ఆంత్రాక్సునకు, కారణమైన క్రిమి కూడ గింజ కట్టి మన్నులో నిలుచునని నిరూపించెను. దొమ్మతో చచ్చిన పశువును కోయరాదని, తోలు తీయరాదని పశువైద్యులు పట్టుపట్టుట ఇందుకే. కళేబరమును కోసి గాలి తగులనిచ్చినచో క్రిమి గింజ కట్టును. ఆ తావున మేసిన పశువులకు ఎన్ని ఏండ్ల పిదపనైనను ముప్పు కలుగవచ్చును. గొఱ్ఱెలకు వచ్చు చిటుకు రోగము కూడ గింజ కట్టు జాతి క్రిమివలన కలుగునదే.

1877లో లండను నగరమున జాన్ టిండాల్ అను పండితుడు ఈ గింజలకు ఒక ఉపాయము కనిపెట్టెను. ఒకే పర్యాయము గంటలకొలది కాచుటకు బదులు, కొద్దిసేపు కాచి చల్లార్చవలెను. మిగిలిన గింజలు మొలకెత్తుటకు వ్యవధి నిచ్చి మరల కాచవలెను. ఇట్లు పలుమార్లు చేసినచో కషాయము శుద్ధియగును. గింజగా ఉన్నప్పుడు చావనిది మొలకగా ఉన్నప్పుడు సులభముగా చచ్చును. ఇందు మీకు కొత్త యేమున్నది? విత్తుటకు ముందు చేనికి తడి యిచ్చి, కలుపు మొలిచిన పిదప దున్ని, మరల తడి యిచ్చి మరల దున్నుట మీ తాతలనాటి పద్ధతియే గదా! టిండాల్ పండితుడు గాజుబుడ్డిలో చేసినది అదే సేద్యము. ఈ పోలికను మనసున నుంచుకొనుడు. వెండి రేణువుల సంగతి తేల్చుటకు ఇది అక్కరకు వచ్చును.

ఈ గింజలవలన కలుగు చేటు చిన్నది కాదు. 1895లో బెల్జియము దేశపు ఒక పల్లెలో అంత్యక్రియలకు వాయింప వచ్చిన వాద్యగాండ్రు ఊరబెట్టిన పంది మాంసము తిని జబ్బుపడిరి. వారిలో ముగ్గురు మరణించిరి. వాన్ ఎర్మెంగెమ్ అను శాస్త్రజ్ఞుడు ఆ మాంసమును పరీక్షించి, గాలి తగులని చోట పెరిగి విషమును పుట్టించు క్రిమిని పట్టుకొనెను. దానినే నేడు బొటులినమ్ క్రిమి యందురు. పులుపు లేని వస్తువులను డబ్బాలలో నింపు కర్మాగారములు 121 డిగ్రీల ఆవిరి వేడిలో కనీసము 3 నిమిషములు డబ్బా నడిబొడ్డు వరకు కాగునట్లు చూచుట ఈ గింజకు భయపడియే.

మన యిండ్లలో దానికన్న తఱచుగా తారసపడు గింజ వేరొకటి కలదు. దాని పేరు బాసిల్లస్ సీరియస్. అది మన్నులో పుట్టి బియ్యముతో, పాలతో, పప్పులతో, మసాలాలతో ఇంటికి వచ్చును. అన్నము వండినప్పుడు దాని గింజ చావదు. అంతేగాక ఆ వేడి దానిని నిద్రలేపును. వండిన అన్నమును పెద్ద గుండిగలలో గోరువెచ్చగా రాత్రియంతయు ఉంచినచో గింజలు మొలిచి, పెరిగి, వాంతులు కలిగించు విషమును వదలును. 1970 దశకమున ఇంగ్లండులో వేపుడన్నము తిని జబ్బుపడిన వారిని పరీక్షించి దీనిని నిర్ధారించిరి. ఆ విషము ఒకసారి పుట్టినదా, 121 డిగ్రీలలో గంటన్నర కాచినను చెడదు. కావున ‘మరల వేడిచేసి పెట్టితిమి’ అను సమాధానము చెల్లదు. వసతి గృహములలో, బడి భోజనములలో, ఉత్సవముల అన్నదానములలో వంట చూచు గ్రామోద్యోగులు దీనిని ప్రత్యేకముగా గుర్తింపవలెను. వండిన అన్నము ఆవిరి పొగలతో వేడిగానైన నుండవలెను, లేదా వెడల్పు పళ్ళెములలో పరచి త్వరగా చల్లార్చి చల్లని చోట నైన ఉంచవలెను. నడుమ నుండు గోరువెచ్చదనమే గింజకు విత్తనాల కార్తె.

ఇక పాలు. పాలను 72 డిగ్రీలలో 15 సెకండ్లు కాచి చల్లార్చు పాశ్చరు పద్ధతివలన క్షయ, టైఫాయిడు మొదలగు వ్యాధి క్రిములు నశించును గాని సిద్ధబీజములు నశింపవు. అవి పాలలోనికి ఎట్లు వచ్చును? మన్ను మేతకు అంటును. మేతతో కడుపులోనికి పోయి చెక్కుచెదరక పేడలో బయటపడును. పేడ పొదుగునకు అంటును. పొదుగునుండి పాలలో పడును. సరిగా పులియని పాతరగడ్డి మేపిన పశువుల పేడలో ఈ గింజలు మరింత మెండుగా నుండును. ఐరోపాలో గట్టి జున్ను చేయువారికి ఇది పెద్ద బెడద. నెలల తరబడి పక్వమగుచున్న జున్ను ముద్ద లోపల గింజ మొలిచి వాయువు పుట్టించి ముద్దను ఉబ్బించి పగులగొట్టును.

వెండి రేణువు చేయునది, చేయలేనిది

నానో రేణువనగా 1 నుండి 100 నానోమీటర్ల కొలత గలది. మీటరులో నూరుకోట్లవ వంతు ఒక నానోమీటరు. లోహమును ఇంత పొడిచేయుటవలన లాభమేమి? ఒక ఘన సెంటీమీటరు వెండి ముక్కను తీసికొనుడు. దాని ఆరు ముఖముల వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు. ఆ ముక్కనే 10 నానోమీటర్ల ఘనములుగా ముక్కలు చేసినచో వాని పైతలముల మొత్తము 600 చదరపు మీటర్లగును. మన లెక్కలో దాదాపు 15 సెంట్ల భూమి! గోరంత లోహము ఇంత పరపు గలదగుటచే, దాని నుండి వెండి అయానులు ఎక్కువగా విడివడును. అవి బాక్టీరియా దేహపు పొరను చెరచును, గంధకము గల మాంసకృత్తులకు అంటుకొని శ్వాసక్రియను స్తంభింపజేయును.

ఇది నిజము. ఇందు సందేహము లేదు. రాగి చెంబులో నీరు నిలువయుంచు మన ఆచారములో నున్నదియు ఈ లోహశక్తియే. 2012లో బెంగుళూరు పరిశోధకులు అతిసారము కలిగించు క్రిములు కలిపిన నీటిని రాగి పాత్రలో 16 గంటలు ఉంచి చూడగా, ఆ క్రిములు పెంపకమునకు దొరకనంతగా నశించినవని ప్రకటించిరి. కాని ఆ క్రిములలో గింజ కట్టునది లేదు. కలరా, టైఫాయిడు జాతులవి, అవి మొలక స్థితిలోనున్న పచ్చి కలుపు వంటివి.

గింజ మాటకు వచ్చుసరికి కథ మారును. శ్వాసను స్తంభింపజేయు విషము శ్వాసింపని దానిని ఏమి చేయగలదు? పెంకు, దానిక్రింది పొర, ఎండిన గర్భము దాటి లోహపు అయాను లోపలికి పోవుట అరుదు. 2008లో ఇంగ్లండులో రాగి తలముపై జరిపిన యొక పరీక్ష దీనిని చక్కగా చూపినది. ఆస్పత్రులలో విరేచనములు వ్యాపింపజేయు క్లాస్ట్రిడియమ్ జాతి క్రిమి, మొలక స్థితిలోనున్నది, రాగిపై త్వరగా చచ్చెను. నిద్రించుచున్న గింజలు గంటలు గడచినను అట్లే నిలిచెను. అదే గింజలకు మొలకెత్తించు ద్రవ్యము తగిలించి రాగిపై నుంచగా అవియు చచ్చెను. టిండాల్ చెప్పినదానికి, మీరు చేనిలో చేయుదానికి ఇది సరిపోవుటలేదా?

కావున ‘ఈ రేణువులు సిద్ధబీజములను చంపును’ అని యెవరైన చెప్పినప్పుడు, చంపినది గింజనా, మొలచిన మొక్కనా అని మీరు అడుగవలెను. చాల పరీక్షలలో కనబడునది, గింజ మొలిచి బయటికి రాగానే లోహము దానిని ఎదుగనీయలేదనుట మాత్రమే. అదియు ఉపయోగకరమే. నేను కాదనుట లేదు. మొలకెత్తించు ద్రవ్యములను, లోహ రేణువులను జోడించి, యంత్రముల మూలలలో, గొట్టముల సందులలో, వస్తువును తాకు తలములపై గింజలను లేపి చంపు మార్గమును మన విశ్వవిద్యాలయములు, పరిశోధన కేంద్రములు తప్పక శోధింపవలెను. ప్రజల సొమ్ముతో చేయదగిన పని యది.

అయితే నీటిబుడ్డిలో వచ్చిన ఫలితమును పాలక్యానుకు అంటగట్టరాదు. పాలలో క్లోరైడు లవణమున్నది, మాంసకృత్తులున్నవి. వెండి అయాను కనబడగానే క్లోరైడు దానిని పట్టి కరగని పదార్థముగా మార్చును. మాంసకృత్తు దానికి చుట్టుకొనును. క్రిమికి చేరునది స్వల్పము. పైగా రాగి మాట చెప్పవలెనన్న, రాగి తగిలిన పాలలో కొవ్వు త్వరగా చెడి కమరు వాసన వచ్చును. పాల పాత్రలను తుప్పు పట్టని ఉక్కుతో చేయుటకు అదియు ఒక కారణము. పూర్వము ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించక చారు కాచిన ఇల్లాలిని అత్తగారు ఊరకుండనిచ్చెడిది కాదు. పులుపుతో కిలుము దిగునని ఆమెకు తెలియును. లోహము క్రిమికి మాత్రమే విషమై మనిషికి అమృతమగునని ఆమె ఎన్నడు నమ్మలేదు.

‘మిఠాయిపై వెండిరేకు తినుటలేదా?’ అని ఒకరు ప్రశ్నింపవచ్చును. తినుచున్నాము. దానికి నియమములున్నవి. 2016లో భారత ఆహార భద్రతా సంస్థ వెండిరేకు తయారీలో జంతు సంబంధమైన పదార్థము వాడరాదని, వెండి శుద్ధత వెయ్యింట 999 పాళ్ళుండవలెనని నిర్ణయించినది. కాని రేకు వేరు, రేణువు వేరు. పైన చెప్పిన 15 సెంట్ల లెక్కయే ఆ తేడాను తెలుపును. వెండి ద్రావకములను ఔషధముగా దీర్ఘకాలము త్రాగినవారికి చర్మము నీలిబూడిద వన్నెకు మారి మరల మానని స్థితి కలుగుట వైద్యులెరిగినదే. 1999లో అమెరికా ఔషధ శాఖ అట్టి ద్రావకములు సురక్షితమని గాని, గుణమిచ్చునని గాని అంగీకరింపజాలమని ప్రకటించెను. 2014లో అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ నానో వెండి కలిపిన ఆహారపు డబ్బాల అమ్మకమును నిలుపుమని ఒక కంపెనీని ఆజ్ఞాపించెను. మిఠాయిలకు తెలుపు వన్నె నిచ్చు టైటానియమ్ డయాక్సైడును దశాబ్దములు నిరపాయమనుకొని వాడిన ఐరోపా దేశములు, అందు నానో రేణువులు కూడ ఉన్నవని, జన్యుద్రవ్యమునకు హాని లేదని చెప్పుటకు వీలులేకున్నదని 2022లో దానిని ఆహారమునుండి తొలగించినవి.

క్రిమి అలవాటుపడుట కూడ కలదు. 1975లో అమెరికాలోని బోస్టన్ నగరమున కాలిన గాయములకు వెండి నైట్రేటు పూయు వార్డులో ఆ వెండికి లొంగని సాల్మొనెల్లా క్రిమి బయలుదేరినది. పురుగుమందుల విషయములో మనము పడిన పాటు ఇదే గదా. నేడు విచ్చలవిడిగా వాడిన మందు రేపు నిజముగా అవసరమైనచోట పనికిరాకుండును.

మరియొక సంగతి. గింజ కట్టు జాతులన్నియు శత్రువులు కావు. శనగపచ్చ పురుగుపై మీరు చల్లు బి.టి. పొడి బాసిల్లస్ తురింజియెన్సిస్ అను బాక్టీరియా సిద్ధబీజములు, వాని విషస్ఫటికములు కలిసినదే. వేరుకుళ్ళు తెగుళ్ళకు విత్తనమునకు పట్టించు బాసిల్లస్ సబ్‌టిలిస్ కూడ అదే కుటుంబము. గింజ కట్టు గుణముండుటవలననే అవి సంచిలో నెలలు నిలువ యుండగలుగుచున్నవి. లోహ రేణువులకు మంచి చెడుల విచక్షణ లేదు. కడిగిన నీటితో కాలువలోనికి, అక్కడినుండి చేనిలోనికి పోయిన వెండి, అమ్మోనియాను నైట్రేటుగా మార్చి పైరుకు అందించు బాక్టీరియాను కూడ దెబ్బతీయును. ఆ బాక్టీరియా వెండికి మిక్కిలి సున్నితమైనవి.

తొందరపాటు మందు ఫలితము

మందుతో గింజలను, క్రిములను చంపి సరకును పంపుదమను ఆత్రము ఎట్టి నష్టము తెచ్చునో చూపుటకు దూరము పోనక్కరలేదు. 2020 సెప్టెంబరులో భారతదేశమునుండి ఐరోపాకు పోయిన నువ్వులలో ఇథిలీన్ ఆక్సైడు అవశేషములు కనబడినవి. ఆ వాయువు క్రిములను, సిద్ధబీజములను కూడ చంపును. నువ్వులలో సాల్మొనెల్లా లేకుండ చేయుటకు దానిని వాడిరి. ఐరోపాలో ఆహారమునకు దానిని వాడుట నిషిద్ధము. ఆ నువ్వులు కలిసిన రొట్టెలు, బిస్కట్లు మొదలగునవి దేశదేశముల అంగళ్ళనుండి వెనుకకు తీసికొనబడినవి. ఆ పిమ్మట మన నువ్వులకు తనిఖీలు బిగిసినవి. పొగ వేసినవాడు వేరు, నువ్వు పండించినవాడు వేరు. అయినను సరకు తిరిగి వచ్చినప్పుడు ధర తగ్గునది పండించినవానికే. నానో లోహము కనబడిన పసుపునకు, మిరపకు ఇట్టి గతి పట్టదని ఎవరు హామీ ఇచ్చెదరు?

పసుపులోను, మిరియములలోను, మిరపలోను సిద్ధబీజములు మెండుగా నుండుట నిజమే. పసుపును ఉడికించుట మామూలు క్రిములను చంపును గాని గింజలను చంపదు. తరువాత నేలపై ఆరబోయుటచే కొత్త గింజలు చేరును. ఎగుమతికి పోవు సరకును ఆవిరితో శుద్ధిచేయుదురు. మహారాష్ట్రలోని వాషిలో అణుశక్తి శాఖవారు 2000 సంవత్సరములో మసాలాల కొరకు వికిరణ కేంద్రమును నెలకొల్పిరి. ఈ రెండు మార్గములును పరీక్షకు నిలిచినవి, సరకులో లోహమును మిగిల్చునవి కావు. రైతుగా మీ చేతిలోనున్నది అంతకన్న చౌక. మట్టి నేలను విడిచి సిమెంటు కల్లముపైనైన, శుభ్రమైన పట్టాపైనైన ఆరబెట్టుట, కోళ్ళను కుక్కలను రానీయకుండుట, మిరపలో తేమ 10–11 శాతమునకు దిగిన పిదపనే బస్తాకెత్తుట. తేమ లేనిచోట గింజ గింజగానే పడియుండును. బూజు విషము గూడ రాదు, అది అదనపు లాభము.

నిజమునకు మన పెద్దలు గింజను చంపుటకు ఎన్నడును ప్రయత్నింపలేదు. మొలవనీయలేదు, అంతే. ఆవకాయలో ఉప్పు, పులుపు, నూనె చేర్చి ఏడాది నిలువజేసిరి. ఆమ్లత్వపు కొలత 4.6కు దిగినచోట బొటులినమ్ గింజ మొలిచి విషము పుట్టింపజాలదు. పాలను కాచి వెంటనే తోడుపెట్టిరి. పెరుగు పులుపులో గింజ కదలదు. మిగిలిన అన్నమును ఊరక మూతపెట్టి వదలక, మజ్జిగ పోసి చద్ది చేసిరి. అందు పులుపు ఎంత త్వరగా పుట్టునో అంత క్షేమము. నీళ్ళు మాత్రము పోసి వేసవి రాత్రి వదలివేసినది చద్ది కాదు, దానిని నేను సమర్థింపను. పెద్దలు చేసిన ప్రతి పనియు సరియని కూడ అనను. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె నాకించు ఆచారము మానవలసినది. తేనెలో నీరు తక్కువగుటచే అందలి బొటులినమ్ గింజలు మొలవక పడియుండును. పెద్దవారికి హాని లేదు. కాని ఏడాది నిండని పసికందు ప్రేగులలో అవి మొలిచి ప్రాణాపాయము తెచ్చును. తేనెటీగలు పెంచు సోదరులు తమ సీసాపై ఈ మాట వ్రాయుట మంచిది.

పాల విషయమున చేయవలసినది మీకు తెలియనిది కాదు గాని జరుగుట లేదు. పితుకుటకు ముందు పొదుగును కడిగి, శుభ్రమైన గుడ్డతో పొడిగా తుడువవలెను. కడిగి తుడువకుండుట కడుగకుండుటకన్న చెడ్డది, పేడ నీరు చన్నుల వెంట నేరుగా పాలలో కారును. క్యాను మూతకుండు రబ్బరు చుట్టును తీసి వారమునకొకసారియైన వాసన చూడుడు. అక్కడ పట్టు జిడ్డు పొరలో గింజలు కాపురముండును, పై పై నీటికి కదలవు. చాకలి సోడా కలిపిన వేడినీటితో బ్రష్షుపెట్టి రుద్ది, కడిగి, బోర్లించి ఎండలో ఆరనీయవలెను. పితికిన పాలు శీతలీకరణ కేంద్రమునకు చేరుటకు పట్టు ప్రతి గంటయు లెక్కలోనిదే. వెండి, హైడ్రోజన్ పెరాక్సైడు కలిసిన ద్రావకములు షెడ్లు, పాత్రలు కడుగుటకు దుకాణములలో దొరకుచున్నవి. అందు గింజపై పనిచేయగలది ముఖ్యముగా పెరాక్సైడే, అదియు తగిన పాలులో, తగినంతసేపు ఉంచినప్పుడు. నెలల తరబడి నిలువయుండు పాల అట్టపెట్టెలను నింపుటకు ముందు శుద్ధిచేయునది కూడ ఆ పెరాక్సైడే. కాని పాత్రకు వాడదగిన దానిని పాలలో పోయుట కల్తీ, శిక్షార్హము.

గ్రామమునకు నానో పేరుతో ఏ సీసా వచ్చినను, ఏ క్రిమిపై, నీటిలోనా పాలలోనా, గింజపైనా మొలకపైనా పరీక్షించిరో వ్రాతపూర్వకముగా అడుగుడు. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వ జీవసాంకేతిక శాఖ నానో వ్యవసాయ వస్తువులను, ఆహార వస్తువులను మదింపు చేయుటకు మార్గదర్శక సూత్రములు ప్రకటించినది. ఆ సూత్రములను అనుసరించిన ఆధారము చూపలేని వస్తువును గ్రామ వ్యవసాయ సహాయకులుగాని, పాల సంఘ కార్యదర్శులుగాని సిఫారసు చేయరాదు. ఆహారమునకు సంబంధించినదైనచో డబ్బాపై 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉండవలెను. లేనిచో జిల్లా ఆహార తనిఖీ అధికారికి తెలుపుడు.

చివరకు పాల సంఘములవారికి ఒక మాట. నేడు మనము వెన్న శాతమును, వెన్నగాక ఇతర ఘనపదార్థములను బట్టి ధర కట్టుచున్నాము. పొదుగు కడిగి, క్యాను రుద్ది, తెల్లవారకముందే పాలు తెచ్చిన రైతుకును, పేడ చేతులతో పితికి ఎండెక్కిన పిదప తెచ్చినవానికిని వెన్న సమానమైనచో ధర సమానము. శుభ్రతకు పైసా లేనప్పుడు శుభ్రతను గూర్చి ఉపన్యాసములిచ్చుట దేనికి? హాలెండు దేశమున పాలలోని ఒక జాతి సిద్ధబీజముల పరీక్షను కూడ పాల నాణ్యతా లెక్కలో చేర్చి, దానిని బట్టి రైతుకు చెల్లింపు మార్చు పద్ధతి కలదు. పరీక్ష పెద్ద యంత్రములు కోరునది కాదు. పాల నమూనాను 80 డిగ్రీల నీటిలో 10 నిమిషములుంచినచో మామూలు క్రిములు చచ్చి గింజలు మిగులును. ఆ మిగిలినవానిని పళ్ళెములలో మొలకెత్తించి ఒకటి రెండు దినములలో లెక్కపెట్టవచ్చును. క్రిముల లెక్క చేయు ప్రయోగశాల గల ఏ డెయిరీయైనను నెలకొక పర్యాయము ప్రతి గ్రామపు నమూనాకు ఇది చేయవచ్చును. గింజ తక్కువగా వచ్చిన గ్రామమునకు లీటరుపై కొంత హెచ్చించి, ఆ హెచ్చింపును నోటీసు పలకపై వ్రాసి, మొదట ఒక మండలములో ఒక సంవత్సరము జరిపి చూడుడు.